కెపాసిటరుకు తగిలిన గాలి

ఎల్లారెడ్డిలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే పద్మప్రియ మేడంకు ఇష్టమైన మాట ఒకటుంది. "ప్రకృతికి బద్ధకం ఎక్కువ. ఒక్క సమీకరణం రాసుకుని, దాంతోనే అన్ని పనులు ఎల్లదీస్తది" అంటుంది. స్ప్రింగుకు వేలాడే బరువు ఊగడమూ, సర్క్యూట్లో కరెంటు అటూ ఇటూ కొట్టుకోవడమూ ఒక్కటే లెక్క. వేడినీళ్లు చల్లారడమూ, కెపాసిటరులో నింపిన చార్జి కారిపోవడమూ ఇంకో లెక్క, అదీ రెంటికీ ఒక్కటే. ఎంత ఎక్కువ ఉంటే అంత జోరుగా తగ్గుతుంది, తగ్గేకొద్దీ నెమ్మదిస్తుంది. అక్షరాలు మారతాయి, అంతే. ఈ మాట చెప్పేటప్పుడు మేడం ముఖం వెలిగిపోతుంది. ఆ వెలుగు చూసే భూమిక ఫిజిక్స్ పిచ్చిలో పడింది.

భూమికది ఎల్లారెడ్డి పక్కన తండా. డిగ్రీ చివరి ఏడు చదువుతోంది. కామారెడ్డిలో జిల్లా స్థాయి ప్రాజెక్టుల పోటీ ఉందనీ, గెలిస్తే ఎండాకాలం సెలవుల్లో హైదరాబాదులో శాస్త్రవేత్తల దగ్గర శిక్షణకు సీటిస్తారనీ తెలిసినప్పటి నుంచి ఆ పిల్లకు వేరే ధ్యాస లేదు. ప్రాజెక్టుకు మేడం మాటనే తీసుకుంది. నీళ్లు, కెపాసిటరు, ఒకే లెక్క.

నీళ్ల పని ఇంట్లోనే చేసింది. కాగిన నీళ్లు గిన్నెలో పోసి, థర్మామీటరు ముంచి, వాళ్లమ్మ సక్రి అన్నానికి పిలిచి పిలిచి విసిగిపోతున్నా కదలకుండా ఒక్కో అంకె రాసుకుంది. మధ్యలో, పోయిన కరెంటు వచ్చి నెత్తిమీద ఫ్యాను తిరిగింది. నీళ్లు గబగబా చల్లబడ్డాయి. గ్రాఫు అక్కడ కుంగింది. కుంగితే కుంగిందని అట్లాగే ఉంచింది.

చిక్కంతా కెపాసిటరుతో వచ్చింది. కాలేజీ ల్యాబులో ఉన్న ఒక్క వోల్టుమీటరు ముల్లు చచ్చినా కదల్లేదు. పోటీ దగ్గరపడింది.

"మేడం, మీటరు పనిచేస్తలేదు. ఇంకోటి యాడనన్న దొరుకుతదా?"

పద్మప్రియ పేపర్లు దిద్దుతోంది. తలెత్తలేదు. "ఇప్పుడు యాడ దొరుకుతది? రెంటి లెక్క ఒకటే గద. నీళ్ల రీడింగులనే వోల్టులల్లకు మార్చి రాసుకో."

మన ల్యాబుల్లో ఈ పనికి బ్యాక్ క్యాలిక్యులేషన్ అని గౌరవమైన పేరు. రీడింగు రాకపోతే ఫార్ములా పట్టుకుని వెనక్కి నడిచి, రావలసిన రీడింగును మనమే పుట్టించుకోవడం. పిల్లలు చేస్తారు, ఎగ్జామినర్లు చూసీ చూడనట్టు పోతారు, వాళ్లూ అట్లా పాసైనవాళ్లే. అందుకే తప్పు నేర్పుతున్నానని పద్మప్రియకు అనిపించనే లేదు.

భూమిక ఆ దొంగపనిని కూడా నిజాయితీగా చేసింది. ప్రతి డిగ్రీనీ లెక్కకట్టి వోల్టుగా మార్చింది. కుంగిన చోటును సాపు చేస్తే మోసమవుతుందనుకుందేమో, దాన్నీ ఉన్నదున్నట్టు దించింది.

కామారెడ్డి హాల్లో జడ్జిగా వచ్చిన లక్ష్మణ్ సారు, పద్మప్రియకు ఎమ్మెస్సీలో పాఠం చెప్పినవాడే. భూమిక చార్టు ముందు చాలాసేపు నిలబడ్డాడు. మొదటి గ్రాఫు మీద వేలు పెట్టాడు.

"ఇక్కడ ఏమైందమ్మా?"

"కరెంటొచ్చి ఫ్యాను తిరిగింది సార్. గాలికి నీళ్లు జల్ది సల్లబడ్డయి. నేను మార్చలే, అట్లనే ఉంచిన."

"శభాష్. రీడింగంటే గట్ల ఉండాలె." సారు వేలు రెండో గ్రాఫు మీదికి జరిగింది. అదే చోట అదే కుంగుడు. "మరి కెపాసిటరుకు గూడ గాలి తగిలిందా?"

హాలంతా గొల్లుమంది. అందరూ నవ్వుతున్నారని భూమిక కూడా కొంచెం నవ్వింది. తర్వాత తన చార్టు వైపు తిరిగి చూసింది. అప్పుడు అర్థమైంది ఆ పిల్లకు.

"ఎవరు చెప్పిన్రు నీకు గిట్ల చెయ్యమని?"

రెండో వరుసలో కూర్చున్న పద్మప్రియకు చెవులదాకా వేడెక్కింది. భూమిక తన వైపు చూస్తుందేమోనని భయపడి, ఎవరో ఫోన్ చేసినట్టు సెల్లు తీసి చూసుకుంది. భూమిక చూడలేదు.

"ఎవ్వరు చెప్పలే సార్. నేనే చేసిన."

"ఒకటి దొంగదైతే ఇంకోదాన్ని ఎట్ల నమ్మాలె తల్లీ?" అని సారు పక్క టేబులుకు పోయాడు. పద్మప్రియ అప్పుడైనా లేవొచ్చు. లేవలేదు. సిగ్గుతో చచ్చిపోయాను అంటారు గానీ ఎవరూ చావరు. ఆమె కూడా చావలేదు, సెల్లు సంచిలో పెట్టుకుంది.

సాయంత్రం చెప్పబోయే ఫలితాల కోసం ఆగకుండా ఇద్దరూ ఎల్లారెడ్డి బస్సెక్కారు. భూమిక చుట్టిన చార్టును ఒళ్లో పెట్టుకుని కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. కొంతదూరం పోయాక మెల్లగా, కాస్త గర్వంగానే అంది.

"మీ పేరు రానియ్యలే మేడం."

పద్మప్రియకు తన మాటే గుర్తొచ్చింది. బద్ధకం ప్రకృతికి కాదు, తనకే. దొంగలెక్క నేర్పినది చాలక, దాన్ని దాచిపెట్టడం కూడా నేర్పినట్టయింది. అదీ ఇంత మంచి పిల్లకు.

"ఒకటి అడగాల్నా మేడం? నీళ్లయి నేను నిజంగనే చూసిన. ఇగ అవి గూడ అబద్ధమేనా?"

దారిలో తాడ్వాయి దగ్గర బస్సు ఆగగానే పద్మప్రియ లేచింది. "దిగు" అంది. రోడ్డు దాటి కామారెడ్డి పోయే బస్సుల వైపు నిలబడ్డారు.

"ఎందుకు దిగినం మేడం?"

"సారు ఇంకా పొయ్యిండడు. మీటరు కోసం నువ్వు అడిగినవని, దొంగలెక్క రాసుకొమ్మన్నది నేనని చెప్త."

"వద్దు మేడం. అందరి ముంగట మీ ఇజ్జత్ పోతది."

"నీది పోతుంటె నేను సెల్లు సూసుకుంట కూసున్న గద."

భూమిక చార్టును చంకలో ఇరికించుకుంది. కామారెడ్డి బస్సు వస్తుంటే పద్మప్రియే చెయ్యెత్తింది.