అంటించని బొమ్మ

డ్రమ్మును మోకాలితో ఒరిగించి, ముఖం పక్కకు తిప్పుకొని, రాజమల్లు ఒళ్లు కాల్చే కాస్టిక్ సోడా నీళ్లను కేన్‌లోకి వంచుతున్నాడు. మంచినీళ్లు తెచ్చే కేన్ లాంటిదే అది. పాతవి చౌకగా దొరికాయని షెడ్డు నడిపే ఆసామి చంద్రమౌళి తెప్పించాడు. చుక్క కింద పడకుండా వంచడం రాజమల్లుకు చేతనైన పని. మగ్గం నేసిన రోజుల్లోనూ ఆయన చేయి అంతే నిదానం. ఆ మగ్గం పోయాక సిరిసిల్లలోని ఈ రంగుల షెడ్డులో చేరాడు. బక్కపలచని మనిషి. ఆ కాస్టిక్ మందు తగిలి తగిలి గోళ్ల అంచులు తెల్లగా పొక్కిపోయాయి. ఎవరైనా ఎదురొస్తే గోడకు ఒదిగి దారి ఇస్తాడు.

ఎండాకాలంలో కరీంనగర్ నుంచి ఒక అధికారి వచ్చి స్టిక్కర్ల కట్ట ఇచ్చిపోయాడు. వాటి మీద, చుక్కలు పడి కాలిపోతున్న చేతి బొమ్మ. మందు ఏ పాత్రలో పోసినా ఈ బొమ్మ అంటించాలనీ, అది మనిషిని ఏం చేస్తుందో పనివాళ్లందరికీ చెప్పాలనీ, ఆ పూచీ రాజమల్లుదేననీ అన్నాడు.

మర్నాడే రాజమల్లు షెడ్డులో పనిచేసే ఆడవాళ్లను పిలిచి చెప్పబోయాడు. నలుగురి ముందు మాట్లాడటం ఆయనకు అదే మొదలు. స్టిక్కర్ ఒకటి పైకెత్తి చూపాడు. నూలు కట్టలు పిండే దుర్గవ్వ ఆ బొమ్మను తేరిపార చూసింది.

"గీ చెయ్యి నీదేనా బావా? గోరింటాకు పెట్టుకుంటున్నవా ఏంది?"

షెడ్డంతా ఘొల్లున నవ్వింది. రాజమల్లు చెవులు ఎర్రబడ్డాయి. చెప్పాల్సింది చెప్పకుండానే పనిలోకి పోయాడు. ఆ తర్వాత ఆయన కనిపిస్తే చాలు, ఎవరో ఒకరు "గోరింటాకు బావ" అని కిసుక్కుమనేవారు. డ్రమ్ముల మీది బొమ్మలు తడికి ఊడిపోతే మళ్లీ అంటించలేదు. కేన్ల మీద అసలే అంటించలేదు.

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. బస్సులు లేవు. బొగ్గు గనులు ఆగిపోయి, కరెంటు ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. పొద్దెక్కాక ఊరేగింపు షెడ్డు ముందుకు వచ్చింది. డప్పులు వినగానే ఆడవాళ్లంతా బయటికి ఉరికారు. రాజమల్లు మందు నింపిన కేన్‌ను నల్లా దగ్గరి నీళ్ల కుండ పక్కన పెట్టి గుమ్మంలో నిలబడ్డాడు. దుర్గవ్వ కొంగు నడుముకు చెక్కి "జై తెలంగాణ" అని అందరికంటే పెద్దగా అరుస్తోంది. ఆ గొంతు తనకుంటే ఎంత బాగుండు అనుకున్నాడు.

నవ్వుకుంటూ తిరిగొచ్చింది దుర్గవ్వ. ముఖమంతా ఊరేగింపులో చల్లిన గులాల్ రంగు. "కండ్లల్ల గూడ పోసిన్రు," అంటూ నల్లా తిప్పింది. కరెంటు లేక చుక్క రాలేదు. పక్కనే ఉన్న కేన్ వంచి, దోసిట్లో పోసుకొని ముఖాన కొట్టుకుంది.

ఆ కేకకు రాజమల్లు పరుగెత్తి, కుండ ఎత్తి ఆమె కళ్ల మీద పోశాడు. పోస్తూనే ఉండాలని అధికారి చెప్పింది గుర్తుంది. కుండ అయిపోయింది. చాయ్ హోటల్‌కు ఉరికి బకెట్ తెచ్చేసరికి, ఊరేగింపులోని వాళ్లు ఆమెను ఆటోలో ఎక్కించుకొని పోయారు.

చంద్రమౌళి వచ్చి అందరి ముందు అన్నాడు. "గులాల్ల ఏం కలిపిన్రో ఏమో. నలుపుకున్నది, కండ్లు పోయినయి. గంతే గద రాజమల్లూ?"

రాజమల్లు తల ఊపాడు. వాళ్ల అన్న మగ్గం అమ్ముదామన్ననాడూ, బిడ్డను బడి మాన్పియ్యమని పెద్దలు చెప్పిననాడూ ఇట్లాగే ఊపాడు. ఇంటికి పోయాక భార్య అడిగితే ఆమెకూ "గులాల్" అనే చెప్పాడు. అన్నం కలిపి, తినలేక చేయి కడుక్కున్నాడు.

సమ్మె ముగిసి బస్సులు తిరిగాక, దుర్గవ్వను ఆమె చెల్లెలు తన ఊరు చందుర్తికి తీసుకుపోతున్నదని విని బస్టాండుకు వెళ్లాడు. ఆమె నల్లద్దాలు పెట్టుకొని బస్సు కిటికీ పక్కన కూర్చుంది. ఎవరో దగ్గరికి వచ్చినట్టు తెలిసి ముఖం తిప్పింది.

"ఎవలు?"

"నేను... రాజమల్లును." కిటికీ ఊచ పట్టుకున్నాడు. "గా కేన్ గాడ పెట్టింది నేనే, దుర్గవ్వా. బొమ్మ అంటియ్యలే. మీకు చెప్పలే. ఆసామి గులాల్ అంటే తలూపిన."

కండక్టర్ "రైట్ రైట్" అన్నాడు.

"నాడు గా బొమ్మను జూసి నేనే నవ్వితి గద బావా," అంది మెల్లగా.

తిడితే తల వంచుకొని నిలబడేవాడు. ఈ మాట ముందు ఎట్లా నిలబడాలో తెలియలేదు. బస్సు కదిలింది. ఊచ చేతిలోంచి జారిపోయింది.

షెడ్డుకు తిరిగొచ్చేసరికి ఆడవాళ్లు పనిలో ఉన్నారు. గడప పక్కన దుర్గవ్వ చెప్పులు ఆ రోజు విడిచినట్టే పడి ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి ఎక్కి, మడిమల దగ్గర అరిగి, దుమ్ము పట్టి.