పదకొండు చీపురు పుల్లలు

కుడిచేతిలో జిగురు డబ్బాను ఊపుతూనే మల్లేశం వంటగదిలోకి తొంగిచూశాడు. డబ్బా లోపలి గోలీ టకటకమంటోంది. గ్యాస్ పొయ్యి ఆరి ఉంది. సిలిండరు కట్టేసి ఉంది. పక్కగదిలో దోమల చక్రం లేదు, అగరుబత్తి లేదు. హాల్లో స్విచ్చులు ఎవరూ ముట్టవద్దని చెప్పి, మళ్ళీ వంటగది గుమ్మం దగ్గరికే వచ్చాడు. గంటలో ఇది మూడోసారి.

"ఏంది మల్లేశం, దొంగను దేవులాడుతున్నవా?" అన్నాడు ఇంటాయన రాధాకిషన్. బజారులో ఆయనది బట్టల దుకాణం. రెండు రోజులుగా జలుబు.

"దొంగయితే వట్టి సొమ్మే వోతది సేటు," అన్నాడు మల్లేశం. నవ్వలేదు.

గృహప్రవేశం నాడు వెలిగించిన దీపాన్ని రాధాకిషన్ భార్య భారతమ్మ పదకొండు రోజులుగా ఆరనివ్వలేదు. ఆర్పమంటే ఒప్పుకోలేదు. చాలాసేపు బతిమాలించుకొని, చివరికి దాన్ని పెరట్లో బట్టలుతికే బండమీద, రేకు నీడలో పెట్టింది. అక్కడ కూడా అది ఉన్నదని మల్లేశం మరచిపోలేకపోతున్నాడు.

పని చిన్నది. చేర్యాలలో చెప్పి రాయించిన నకాషీ బొమ్మల బట్టను ప్లైవుడ్ పలక మీద అంటించాలి. బట్ట ఎర్రని నేల మీద దేవతలతో, ఏనుగులతో, కల్లుకుండలు మోసే మనుషులతో నిండి ఉంది. వరండాలో అంటిద్దామన్నాడు మల్లేశం. పూజగదిలోనే, తూర్పుముఖంగా, పది నలభై రెండు నుంచి పదకొండుంబావు లోపల అంటించి, ఆ గడియలోనే దీపం లోపల పెట్టాలని పంతులు చెప్పాడట. పూజగదికి కిటికీ లేదు.

ఆ జిగురు ఆవిరి పొగలా పైకి పోదు. నీళ్ళలా నేలను పట్టుకొని పారుతుంది. గుమ్మం దాటుతుంది, మెట్టు దిగుతుంది, ఎక్కడో ఉన్న నిప్పును తానే వెతుక్కుంటుంది. కనబడదు. దాని జాడ చెప్పేది వాసన ఒక్కటే.

మల్లేశానికి వాసన తెలియదు.

ముప్పై ఒక్క ఏళ్ళుగా అతనిది అంటించే పని. తలుపులకు షీట్లు, సోఫాలకు స్పాంజీలు, దుకాణం గోడలకు రెగ్జిన్. మొదట డబ్బాలో కుంచె ముంచి పూసేవాడు, తర్వాత పిచికారీ డబ్బాలు వచ్చాయి. ఊళ్ళో అతని చెయ్యి పడిన తలుపులు ఎన్నో ఉన్నాయి, అతని పేరు తెలిసిన ఇళ్ళు పదైనా లేవు. అంటుకొని ఉన్నంతకాలం అంటించినవాణ్ణి ఎవరూ తలచుకోరు.

నాలుగేళ్ళ కింద ఒక సాయంత్రం అడుగంటిన పప్పుతో కడుపునిండా తిని, మంచిగుందన్నాడు. బీడీలు చుడుతున్న భార్య బాలమణి చెయ్యి ఆగిపోయింది. లేచి వచ్చి గుప్పెడు పొగాకు అతని ముక్కు దగ్గర పెట్టింది. తర్వాత కర్పూరం పెట్టింది, ఆ తర్వాత కిరోసిన్ గుడ్డ. మూడింటికీ అతడు తల అడ్డంగా ఊపాడు. జిగురు వల్ల కావచ్చు, మరొకటి కావచ్చు, తేల్చి చెప్పలేనన్నాడు దవాఖాన డాక్టరు. బాలమణి తాయెత్తు కట్టించింది. తాయెత్తు దారం మాసిపోయింది గాని ముక్కు తెరుచుకోలేదు. ఎవరికీ చెప్పవద్దని ఆమెతో ఒట్టు వేయించుకున్నాడు. ఆనాటి నుంచి అతడు గడప దాటేటప్పుడు ఆమె ఒకే మాట అంటుంది, నిప్పు చూసుకొమ్మని.

అతడూ ఒక ఉపాయం నేర్చాడు. పని మధ్యలో ఇంటివాళ్ళను, వాసనకు తల నొస్తుందా అమ్మా, అని అడుగుతాడు. ఎంత మర్యాద తెలిసిన మనిషో అనుకుంటారు వాళ్ళు. వాళ్ళు చెప్పే జవాబే అతని ముక్కు. ఇళ్ళ లోపలి పనులు గుత్తకు తీసుకొనే కర్ణాకర్‌కు ఈ సంగతి తెలిసిననాడు డబ్బా ముట్టనివ్వడు. డబ్బా లేనిదే మల్లేశానికి పని లేదు.

పది ఇరవై అయిదుకు బట్ట వెనుకా, పలక మీదా సమంగా పిచికారీ కొట్టాడు. బయట ముసురు. పొడి ఎండల్లో పది నిమిషాలకు సిద్ధమయ్యే జిగురు తేమలో మొండికేస్తుంది. పది నలభై రెండు అయింది. కానియ్యమన్నాడు రాధాకిషన్. మల్లేశం వేలి కణుపుతో పలకను తాకాడు. జిగురు తీగలు సాగి వేలివెంట వచ్చింది. వేలికి రాకుండా, వేలిని పట్టుకోవాలి. అప్పుడే అంటించాలి. పచ్చిగా ఉండగా అంటిస్తే లోపల చిక్కుకున్న ఆవిరి బుడగలై లేస్తుంది. ఒకసారి అంటిన బట్ట మళ్ళీ రాదు, వస్తే బొమ్మలు వదిలేసి వస్తుంది. పంచాంగానికి ముసురు పట్టదు, జిగురుకు ముసురు తప్ప మరేదీ పట్టదు.

పై అంచున రెండు వేళ్ళ వెడల్పు మాత్రం అట్టముక్కతో విసిరి విసిరి ఆరబెట్టాడు. మిగతా పలకకు బట్ట తగలకుండా, అంగీ జేబులో ఎప్పుడూ ఉండే పదకొండు చీపురు పుల్లలు తీసి అడ్డంగా పరిచాడు. ఈ జిగురు జిగురు పూసినదాన్నే గట్టిగా పట్టుకుంటుంది, పుల్లను పట్టుకోదు. బట్టను పుల్లల మీద పరచి, పై అంచు ఒక్కటే నొక్కాడు. ముహూర్తానికి అంటింది. భారతమ్మ కళ్ళకద్దుకుంది.

మిగతాది జిగురు చెప్పిన ప్రకారం చేశాడు. పావుగంట తర్వాత ఒక్కొక్క పుల్లనే లాగుతూ, మధ్య నుంచి అంచులకు రోలరు నడిపాడు. ఏనుగులు అంటుకున్నాయి, కల్లుకుండలు అంటుకున్నాయి. ముడత లేదు. పుల్లలను లెక్కపెట్టి, ఎర్ర దారం చుట్టి, దీపం పెట్టే గద్దె అంచున పెట్టాడు. నడుము ఎత్తేసరికి భారతమ్మ రెండు చేతుల మధ్య దీపంతో వరండాలో నిలబడి ఉంది.

"ఆగున్రి అమ్మా. వాసన వోయిందా?"

"ఏం వాసన లేదు. పదకొండు దాటింది, జరుగు."

ఆమె ముక్కుకు బట్ట కట్టుకొని ఉంది. బట్టకు బామ్ పూసి ఉంది. రాధాకిషన్‌ను అడిగితే జలుబు మాట చెప్పాడు. మేడ మీద పాలిష్ పని చేయిస్తున్న కర్ణాకర్ అప్పుడే మెట్లు దిగాడు. పొద్దుటి నుంచి తనకు అంతా ఒకటే వాసనగా ఉన్నదని చెప్పి నవ్వాడు.

"మల్లేశమన్న ముక్కు ఉండంగ మనకెందుకమ్మా పరేషాన్. అన్నా, ఓపాలి లోపటికి వోయి చూడు. నువ్వు సరే అంటే పెట్టుకుంటరు."

మల్లేశం లోపలికి పోయాడు. నేల దగ్గరికి వంగి గట్టిగా పీల్చాడు. ఏమీ లేదు. వాన పడ్డ మట్టి దగ్గర కూడా అతనికి ఇంతే, పొగాకు అంటిన బాలమణి చేతుల దగ్గర కూడా ఇంతే. ఇంకా కాలేదు, అరగంట ఆగండి అని ఊరకే అనవచ్చు. అంటే గడియ కోసం వాళ్ళు వినరు, వాదిస్తారు, వాదిస్తూ భారతమ్మ ఇంకో అడుగు వేస్తుంది. వెనుదిరిగి గుమ్మంలో నిలబడి రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"నాకు వాసన తెల్వదు సేటూ. నాలుగేండ్లాయె. దీపం బయటికి తీస్కపోన్రి."

భార్య చేతుల్లోని దీపాన్ని రాధాకిషన్ తీసుకొని పెరటివైపు పోయాడు. భారతమ్మ బట్ట కిందికి లాగి, గుమ్మం దగ్గర వంగింది. వెంటనే దగ్గుతూ వెనక్కి వచ్చింది. వాసనకు ముక్కు పగులుతోందని మెల్లగా చెప్పింది.

ఫ్యాను వేయనివ్వకుండా, తలుపులన్నీ తెరిచి, అట్టముక్కతో గంటన్నరసేపు మల్లేశమే ఆవిరిని బయటికి విసిరాడు. ముహూర్తం పోయింది. ఆ మాట ఎవరూ ఎత్తలేదు. భారతమ్మే స్వయంగా చాయ తెచ్చి అతని పక్కన పెట్టి, లోపలికి పోయింది. ఒంటిగంటకు మరోసారి తానే వాసన చూసుకొని, దీపం తెచ్చి పెట్టుకుంది.

కర్ణాకర్ గేటు దగ్గర కనిపెట్టుకొని ఉన్నాడు. కోప్పడలేదు. నాలుగేళ్ళలో తాను అప్పజెప్పిన ఇళ్ళను వేళ్ళ మీద తలచుకొని, మధ్యలో ఆపేశాడు.

"గింత మాట దాస్తివి గదనే," అన్నాడు.

చెయ్యి చాచాడు. మల్లేశం డబ్బా ఇచ్చాడు. సగం ఉందన్నాడు. వేరే పని ఏదైనా ఉంటే కబురు పెడతానన్నాడు కర్ణాకర్. ఆ మాట బరువు ఎంతో ఇద్దరికీ తెలుసు.

ముసురు విడవలేదు. బాలమణికి ఏం చెప్పాలో కూర్చుకుంటూ నడిచాడు. రేపు పొద్దున ఆమె నిప్పు మాట అనవలసిన పని లేదు. ఆ మాట లేకుండా గడప ఎట్లా దాటాలో అతనికి తోచలేదు. కోమటి చెరువు దగ్గరికి వచ్చాక అలవాటుగా అంగీ జేబు తడిమాడు. ఖాళీగా ఉంది. ఒక క్షణం ఆగి, వెనక్కి చూసి, మళ్ళీ నడిచాడు.

పూజగదిలో గద్దె అంచున, దీపానికి జానెడు దూరంలో, ఎర్ర దారం చుట్టిన పదకొండు పుల్లలు, కొసల మీద వెంట్రుకంత జిగురు ఎండి.