ఆదివారం సాక్ష్యం

అమీర్‌పేట లేడీస్ హాస్టల్లో టిఫిన్లు దించి, మధ్యాహ్నానికి అన్నం వార్చేసరికి సంగీతకు తలప్రాణం తోకకొచ్చింది. విరిగిన ఎడమ మణికట్టు వంకరగా అతుక్కుంది, బరువు పట్టదు. అందుకే తోటి వంటమనిషికన్నా రెండువేలు తక్కువ జీతం. చాకిరీ మాత్రం సమానమే.

చెమట తుడుచుకుంటూనే పంజగుట్టకు పరుగెత్తింది. అక్కడ ఒక సందులో, రేకుల కప్పు కింద ప్రార్థన మందిరం. ఈరోజు మందిరానికి చందాలిచ్చే పెద్దలెవరో, బేగంపేట హోటల్లో దిగినవాళ్లు, వస్తున్నారట. ప్రభువు తననెలా మార్చాడో అందరిముందు చెప్పే సాక్ష్యం గట్టిగా ఉండాలని పాస్టరుగారు ముందే కబురు పెట్టారు. ఆ సాక్ష్యం ఎప్పుడూ ఒక్కటే, ఆమె మొగుడు మహిపాల్‌ది.

మైకు పట్టుకోగానే మహిపాల్ గొంతు వణికింది. అది నటన కాదని సంగీతకు తెలుసు.

"తాగొచ్చి రోకలితోని దీని చెయ్యి ఇరగ్గొట్టిన. కడుపుల తన్నిన. అయిదో నెల, బిడ్డ పోయింది. గసొంటి పాపిని యేసయ్య మాఫ్ చేసిండు!"

"స్తోత్రం!" అంటూ హాలంతా చప్పట్లు. చచ్చిన బిడ్డకు చప్పట్లు! ప్రతి వారం సంగీత కడుపులో ఆ తన్ను మళ్లీ పడుతుంది.

మారలేదా అంటే మారాడు. సీసా ముట్టడు. నీళ్ల బిందెలు తానే మోస్తాడు, నొప్పి పెడితే ఆ చేతికి నూనె రాస్తాడు. అప్పుడు అతనిమీద ఆమెకు జాలి కలుగుతుంది, ప్రేమా కలుగుతుంది. ఒక్కసారి "తప్పయింది సంగీతా" అంటాడేమోనని చెవి ఒగ్గి పడుకుంటుంది. ప్రార్థనలో ఆమె ప్రభువును అడిగేదీ అదొక్కటే. అతను అనడు. దేవుడి దగ్గర తీరిపోయాక ఇక పెళ్లాం దగ్గర దేనికి!

"సిస్టర్, లేవండమ్మా. ఆ చెయ్యి పైకెత్తి, నేనూ క్షమించానని చెప్పండి" అని పాస్టరుగారు తియ్యగా పిలిచారు.

ప్రతి వారం ఎత్తేది. ఈరోజు లేచింది గానీ, చెయ్యి కొంగులో దాచుకుంది.

"దేవుడు మాఫ్ చేసిండు, మంచిదే. గని ఇరిగింది నా చెయ్యి, పోయింది నా బిడ్డ. నన్నెవ్వలు మాఫీ అడగలే అయ్యగారూ. అడగకుంట ఎట్ల ఇయ్యాలె?"

వచ్చిన పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"సైతాను మాట్లాడిస్తున్నాడమ్మా మీచేత. కూర్చోండి" అన్నారు పాస్టరుగారు.

ఆమె కూర్చోలేదు. మొగుడి వైపే చూస్తూ నిలబడింది. మహిపాల్ మైకు దించాడు. పెదవులు కదిలాయి. ఆమె వైపు ఒక అడుగు వేశాడు. అంతలోనే ఆగి, ఏం చెయ్యమంటారన్నట్టు పాస్టరుగారి మొహంలోకి చూశాడు.