చుక్కల ఓడలో చివరి ఐదు నిమిషాలు

ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకు టీవీలో చుక్కల ఓడ వచ్చేది. దాని అసలు పేరు హిందీలో ఏదో ఉండేది. ఉదయగిరిలో మా వీధిలో ఎవరికీ హిందీ రాదు కాబట్టి ఈ పేరు మేం పెట్టుకున్నదే. బొమ్మల సీరియల్. ఒక చిన్నపిల్ల, ఓడ నడిపే ముసలాయన, ఇద్దరూ చుక్కల మధ్య తిరుగుతుంటారు. ప్రతివారం ఆ పిల్ల ఒక గాజు పలక ముందు కూర్చుంటే అందులో వాళ్లమ్మ కనిపించి మాట్లాడేది. 1991లో, మూడో క్లాసులో, ఎదురింటి ఆదినారాయణగారి వరండాలో కూర్చుని నేను చూసేదాన్ని. ఒక్క వారం కూడా చివరిదాకా చూసిన పాపాన పోలేదు. ఇంకో ఐదు నిమిషాలు ఉందనగా చర్చిలో రెండో గంట కొట్టేవాళ్లు. మా అవ్వ రాహేలమ్మ బైబిలు చంకన పెట్టుకుని వాకిట్లోకి వచ్చేది. పిలిచేది కాదు, ఊరికే చూసేది. ఆ చూపుకు లేచి రావాల్సిందే.

ఆ పిల్లంటే నాకు కుళ్లు. వారం వారం వాళ్లమ్మ కనపడుతుంది కదా. మా అమ్మ కువైట్‌లో ఉండేది. నాకు ఐదేళ్లప్పుడు ఇంటి పనికి వెళ్లింది. రాయడం రాదు కాబట్టి కేసెట్లో మాట్లాడి, ఊరికి వచ్చేవాళ్ల చేత పంపించేది. మా వైపు కువైట్ వాళ్లందరిదీ అదే పద్ధతి. యుద్ధం వచ్చాక వచ్చిపోయేవాళ్లు తగ్గారనీ, ఇక ఏడాదికి ఒకటే వస్తుందనీ నాయన చెప్పాడు. అది క్రిస్మస్ రోజు ఆరాధన అయ్యాక పెట్టేవాడు. రెండో క్లాసు పుస్తకాలు కొన్నారా, తలలో పేలు పోయాయా అని అమ్మ అడిగేది. నేను ఐదో క్లాసుకు వచ్చినా రెండో క్లాసు పుస్తకాలే. పిచ్చి అమ్మ, నన్నింకా చిన్నపిల్లనే అనుకుంటోంది అని నవ్వుకునేదాన్ని.

1996లో నన్ను ఆత్మకూరు హాస్టల్లో వేశారు. ఎనిమిదో క్లాసు. అప్పటికి హిందీ పరీక్షలు రెండు పాసయ్యాను. నవంబరులో, శనివారం మధ్యాహ్నాలు, చుక్కల ఓడ మళ్లీ వేయడం మొదలుపెట్టారు. వార్డెన్ లిదియమ్మగారి గదిలో ముప్పైమందిమి కూర్చుని చూశాం. ఈసారి మాటలు అర్థమయ్యాయి. మధ్యలో లేవగొట్టే గంటా లేదు.

ఆ తల్లి ప్రతివారం పాలపన్ను ఊడిందా అనే అడుగుతోంది. పిల్లేమో ఓడ నడిపేంత ఎదిగింది. పిల్ల ఏం అడిగినా తల్లి జవాబు చెప్పదు, తన పాటికి తను మాట్లాడుకుపోతుంది. మూడో శనివారం నాకు అనుమానం వచ్చింది. చిన్నప్పుడు నేనెన్నడూ చూడని ఆ చివరి ఐదు నిమిషాల్లో, పిల్ల నిద్రపోయాక, ముసలాయన గాజు పలక వెనక్కి వెళ్లి తల్లి ఎప్పుడో మాట్లాడి పెట్టిన ముక్కల్లోంచి వచ్చే వారానికి ఒకటి తీసి పెడతాడు. తల్లి చనిపోయిందని సీరియల్లో ఎవరూ అనరు. చూసేవాళ్లే తెలుసుకోవాలి.

నా పక్కన ఏంజెలిన్ శనక్కాయలు ఒలుచుకుంటూ తర్వాత వచ్చే పాటల కోసం కాచుకుని ఉంది. నాకు రెండో క్లాసు పుస్తకాలు గుర్తొచ్చాయి. గదినిండా మనుషులున్నా ఒక్కరితో చెప్పుకోలేకపోయాను. నెలరోజులు ఆ మాట దిగమింగుకుని తిరిగాను. అడిగితే నిజమైపోతుందని భయం.

క్రిస్మస్‌కు ఇంటికి వచ్చాను. ఆరాధన నుంచి వచ్చి నాయన టేపురికార్డరు బల్ల మీద పెట్టి, కేసెట్ చేతిలోకి తీసుకున్నాడు.

"నాయనా, అమ్మ ఉండాదా?" అన్నాను.

వంటింట్లో అవ్వ గరిటె చప్పుడు ఆగిపోయింది. నాయన కేసెట్‌తోనే కుర్చీలో కూర్చుని చెప్పాడు. తొంభైలో యుద్ధానికి భయపడి ఎడారిలో పడి వస్తుంటే అమ్మకు జ్వరం పట్టుకుందట. దారిలోనే పోయిందట. కూడా వచ్చిన మర్రిపాడు ఓబమ్మ ఆమె సంచీ తెచ్చి ఇచ్చిందట. అందులో పంపడానికి మనిషి దొరక్క ఆగిపోయిన కేసెట్లు ఏడు. పసిదానికి చెప్పొద్దని అవ్వ సంఘంలో ఇంటింటికీ వెళ్లి బతిమాలిందట.

నాకు ఒళ్లు మండిపోయింది. జాలిపడే చేశారు, సరే. ఊరంతా ఒకవైపు, నేనొక్కదాన్నే ఒకవైపు, ఆరేళ్లు. ఏది ముందు వినిపించాలో ఏది తర్వాతో చూసుకోవడానికి వీటిని నువ్వెన్నిసార్లు విన్నావని నాయన్ని నిలదీశాను.

"ఒక్కటి కూడా ముందుగా వినలేదు పాపా. నీతోపాటే విన్నాను. ఏడాదికొకటని పెట్టుకున్నాను, నాక్కూడా" అన్నాడు. చేతిలోది చూపించాడు. "ఇదే ఆఖరుది. ఇదైపోతే ఇంక ఆమె గొంతు లేదు."

ఇన్ని క్రిస్మస్‌లలోనూ నేను ఆ పెట్టెనే చూస్తూ కూర్చున్నాను, పక్కన నాయన మొహం ఎలా ఉందో ఒక్కసారి కూడా చూడలేదు. నా కోపం ఎటు పోయిందో తెలియదు. కేసెట్ ఆయన చేతిలోంచి తీసుకుని బీరువాలో అమ్మ చీరల మధ్య పెట్టేశాను.

"ఇప్పుడొద్దులే నాయనా" అన్నాను.

అప్పుడు ఏడ్చాడు నాయన. కుర్చీలో ముందుకు వంగి, అవ్వ వచ్చి వీపు మీద చెయ్యి వేసినా ఆగకుండా ఏడ్చాడు. నాకు తెలియకూడదని ఆరేళ్లుగా ఆయన పెళ్లాం కోసం ఒక్క కన్నీటిబొట్టు కార్చలేదు.