ముందే పెట్టిన సంతకం

ఆ ఉదయం ఆకాశం తోమి బోర్లించిన గిన్నెలా ఉంది. రెండు రోజుల గాలివాన తెల్లవారుజామున వెలిసింది. మబ్బుతునక లేదు. కరెంటు మాత్రం ఇంకా రాలేదు. హాస్టల్ వంటింటి వెనక పెద్ద ఫ్రిజ్ మూగబోయి రెండు రోజులు. దాని తలుపు సందులోంచి నీరు కారి గచ్చు మీద సన్నటి చార కట్టింది. ఈగలు ఆ చార పొడుగునా వాలి ఉన్నాయి.

గాలం ఆ చార దాటుకుని తరగతికి వెళ్ళాడు. వాడి నాన్న సైకిలు మీద ఊరూరా తిరిగి చేపలమ్ముతాడు. అందుకని స్నేహితులు పెట్టిన పేరది. వాసన వాడికి తెలిసింది. అయినా ఆగలేదు. ఆలస్యమైతే సారు గుమ్మంలోనే నిలబెడతాడు.

మొదటి ఏడాదికి సూక్ష్మ అర్థశాస్త్రం చెప్పే ఆ సారే హాస్టల్ వార్డెన్ కూడా. బోర్డు మీద రెండు గీతలు గీయందే నోరు విప్పడు కాబట్టి పిల్లలకి ఆయన గీతల సారు. ఆ రోజు మాత్రం సుద్దముక్క ముట్టుకోలేదు.

“సినిమాకి టికెట్ కొన్నావు. అరగంటకే తలనొప్పి పుట్టింది. కూర్చుంటావా, లేచి పోతావా?”

“డబ్బులిచ్చాం కద్సార్, కూర్చుంటాం,” అన్నాడు వెనక బెంచీవాడు.

“అందుకే నువ్వు వెనక బెంచీలో ఉన్నావు. కూర్చున్నా ఆ డబ్బు రాదు, లేచినా రాదు. తిరిగి రాని ఖర్చుని లెక్కలోకి తీసుకోకూడదు. ఇక్కణ్ణుంచి ఏం పోతుంది, ఏం వస్తుంది, అంతే చూడాలి. సంక్ కాస్ట్ అంటారు దీన్ని. రాసుకోండి.”

గాలం రాసుకున్నాడు. వాడికది కొత్తగా అనిపించలేదు. అమ్ముడుపోని చేపని నాన్న గొయ్యి తీసి పూడ్చేసేవాడు. అమ్మ గొణిగితే, “కొన్నప్పుడే పోయిందిలేవే డబ్బు. ఇప్పుడు ఇంకొకడి కడుపు పాడు చెయ్యడమెందుకు?” అనేవాడు. నాన్న చేసేదానికి పుస్తకంలో పేరుందని తెలిసి లోలోపల గర్వమేసింది.

మధ్యాహ్నం వంటింట్లో అడుగు పెట్టగానే ఆ గర్వం దిగిపోయింది.

ఆ నెల మెస్ కమిటీ వంతు వాడిది. వడ్డనకి ముందు కమిటీవాడూ వార్డెనూ వంట రుచి చూసి పుస్తకంలో సంతకాలు పెట్టాలి. లోపల వంట పిన్ని ముక్కుకి కొంగు అడ్డం కట్టుకుని గరిటె తిప్పుతోంది. పెద్ద గుండిగలో చేపల కూర ఉడుకుతోంది. పైన మసాలా ఘాటు. దాని కింద ఇంకో వాసన.

“ఏంటి పిన్నీ ఇది?”

“నన్నడక్కు నాయనా. పారేద్దామన్నాను. ‘ముప్పై కిలోలు ఊరికే వచ్చాయా? కారం రెండింతలెయ్యి’ అన్నారు సారు.”

పక్క తట్టలో ఇంకా వెయ్యని ముక్కలున్నాయి. ఒకదాన్ని వేలితో నొక్కాడు. గుంట అలాగే ఉండిపోయింది. ఒక తలకాయ ఎత్తి చూశాడు. మొప్పలు బూడిదరంగుకి తిరిగాయి. జిగురు తీగలుగా సాగింది.

గీతల సారు లోపలికొచ్చాడు.

“సార్, ఇది కుళ్ళిపోయింది.”

“ఉడికితే అన్నీ చస్తాయిలే.”

“సినిమా మధ్యలో లేచి పొమ్మని పొద్దున మీరే చెప్పారు కద్సార్.”

సారు ముఖం కందింది. “తరగతి తరగతే, వంటిల్లు వంటిల్లే. పైవాళ్ళకి జవాబు చెప్పుకోవాల్సింది నేను. అయినా నిన్నెవడు రుచి చూడమన్నాడు?” పుస్తకం తెరిచి వాడి ముందుకి తోశాడు. “సంతకం ఎప్పుడో గీకేశావుగా!”

ముప్పై వరసలు, ముప్పై సంతకాలు. ఒకటో తారీఖునే ఒక్క ఊపులో పెట్టేశాడు. రోజూ ఎవడొస్తాడని కమిటీవాళ్ళందరూ చేసే పనే. ఇవాళ్టి తేదీకి ఎదురుగా ‘రుచిగా ఉంది’ అని వాడి చేతిరాతే. చేపకంటే ఆ రాత ఎక్కువ కంపు కొట్టింది వాడికి.

“నీ ఇంటర్నల్ మార్కులు నా చేతిలో ఉన్నాయి. గుర్తుంచుకో,” సారు గొంతు తగ్గించాడు.

బయట హాల్లో రెండొందల మంది కంచాలు వాయిస్తున్నారు. “ఒరేయ్ గాలం! చేప పడిందా, నువ్వే పడ్డావా?” అని ఎవడో అరిచాడు. నవ్వులు.

గాలం కలం తీసి ఇవాళ్టి వరసని అడ్డంగా కొట్టేశాడు. “ఇదీ తిరిగి రాని ఖర్చే సార్. లెక్కలోకి తీసుకోకూడదు.” కంచంలో రెండు ముక్కలు వేసి సారు ముందు పెట్టాడు. “మీ గడి ఖాళీగా ఉంది. మీరు తిని సంతకం పెట్టండి. మీ తర్వాత నేనూ తిని, మళ్ళీ పెడతాను.”

పిన్ని గరిటె ఆపింది.

సారు పంతానికి ముక్క విరిచాడు. నోటి దాకా తెచ్చాడు. ముక్క కంచంలో పడేసి, చేతిరుమాలుతో వేళ్ళు తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు.

“పారబొయ్యండి,” అన్నాడు గోడకేసి చూస్తూ.

గొయ్యి తియ్యాల్సిన పెరట్లోకి దారి హాలు మధ్యలోంచే. పిన్నీ గాలమూ గుండిగ మోసుకెళ్తుంటే కంపు వాళ్ళ వెంటే నడిచింది. కంచాల మోత ఆగిపోయింది. తమకేం వడ్డించబోయారో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

గొయ్యి పూడ్చి వచ్చేసరికి అన్నం, ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు వడ్డించి ఉన్నాయి. ఖాళీ బెంచీ ఒక్కటే మిగిలింది. గాలం ఒక చివర కూర్చున్నాడు. కాసేపటికి సారు తన కంచం తెచ్చుకుని రెండో చివర కూర్చున్నాడు. మార్కుల మాట ఆయన ఎత్తలేదు, వీడు అడగలేదు. మూడుసార్లు సబ్బు పెట్టి కడుక్కున్నా గాలానికి ముద్ద నోటి దగ్గరికి వచ్చినప్పుడల్లా వేళ్ళ వాసన ముందొస్తోంది. బెంచీ ఆ చివర సారు కూడా ముద్ద ముద్దకీ ఊపిరి బిగబట్టి తింటున్నాడు.