ఎర్రదారం మూట

మా ఆయనకి రిటైరైన నెలకే చెత్తబుట్ట పిచ్చి పట్టింది. ముప్పై ఏళ్లు తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసిన చేతులు ఊరికే ఉంటాయా? చెత్త తగ్గించుకోవడం గురించి లైబ్రరీలో ఎవరో మాట్లాడితే విని వచ్చి, వంటింట్లో మూడు బకెట్లు పెట్టారు. తొక్కలకొకటి, కాగితాలకొకటి, ‘ఇంకా ఆలోచించాల్సిన’ వాటికొకటి. ఆ మూడో బకెట్టే నా ప్రాణం తీసింది. పళ్లూడిన దువ్వెన, మూతలేని డబ్బా, డబ్బాలేని మూత, దేన్ని చూసినా “దీనికింకా ఆయుష్షుంది” అనేవారు. అరిగిన టూత్‌బ్రష్‌తో కుళాయిలు తోమి, అదే బ్రష్‌తో నా కుట్టుమిషను కూడా తోమారు.

నేను టైలర్ని. ముందుగదిలో మిషను, దాని పక్కన బీరువా. కుట్టమని ఇచ్చినవాళ్ల బట్టలు తెల్లదారంతో మూటకడతాను, పనికిరాని గుడ్డలు ఎర్రదారంతో కడతాను. ఎర్రదారం మూటలు మా ఆయనవి. వాటితో మసిగుడ్డలే చేసుకుంటారో, దిండు గలీబులే చేసుకుంటారో నేనడగను. ఈ ఒప్పందం మీదే మా కాపురం నడుస్తోంది.

ఆ రోజు పొద్దున బీరువా తెరిస్తే నర్సమ్మాయి మూట లేదు.

పక్కవీధి నర్సుకి నెలలు నిండాయి. మర్నాడే ఆసుపత్రిలో చేరాలి. కూరగాయల బండి నడిపిన వాళ్ల నాన్న మూడు నెలల క్రితం పోయాడు. రెండు రోజుల ముందు ఆయన గళ్లచొక్కాలు ఆరు తెచ్చి నా ఒళ్లో పెట్టింది. “పుట్టబోయే బిడ్డకి దుప్పటి కుట్టక్కా. తాతని ఎలాగూ చూడడు, తాత చొక్కాల్లోనైనా పడుకుంటాడు” అంది. “ఒక్కటే బాధ. బుద్ధిలేక మళ్లీ మళ్లీ ఉతికేశాను. నాన్న వాసన పోయింది.” ఆ దుప్పటికి ఆ సాయంత్రం నాలుగింటికే వస్తానంది.

“ఏమండీ, గళ్లచొక్కాల మూట చూశారా?”

“చూడకేం! బంగారంలాంటి గుడ్డ!” పెరట్లోంచి హుషారుగా వచ్చారు. “చేతులు కత్తిరించి అడుగు కుట్టేస్తే చొక్కానే సంచి. ఆరు సంచులొచ్చాయి. నిన్న సాయంత్రం వీధిలో పంచేశాను. ఇక మన వీధిలో ప్లాస్టిక్ కవరన్నది కనిపిస్తే నన్నడుగు!”

ఇరవై రెండేళ్లలో ఒక్కరి గుడ్డ చెడగొట్టినదాన్ని కాదు. పోయిన మనిషి చొక్కాలు మళ్లీ ఎక్కడినుంచి తేను?

సంగతి చెప్పేసరికి ఆయన మొహం పాలిపోయింది. “ఎర్రదారం కట్టి ఉందే...” అని నసిగారు.

“చేసిందంతా చేసి పైగా అబద్ధాలా!” అని అరిచాను. ఆయన ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి నా చెప్పు వేసుకుని వీధిలోకి పరుగెత్తారు. వెనకే నేను.

మొదటిది మంగలి షాపులో దొరికింది. దాన్నిండా కత్తిరించిన జుట్టు. మొక్కలకి మంచి ఎరువని మా ఆయనే చెప్పారట! రెండోది మేడమీది మాస్టారి దండేనికి క్లిప్పుల బరువుతో ఊగుతోంది. మాస్టారు స్నానంలో ఉన్నారు, అడక్కుండానే తెచ్చేశాం. ఇస్త్రీ ఆయన రెండు సంచుల్లో బొగ్గులు పోయబోతుంటే మా ఆయన ఒక్క గెంతులో వెళ్లి లాక్కున్నారు. అయిదోదాంట్లో డ్రైవర్ గారింటి పిల్లి పడుకుంది. మమ్మల్ని చూసి బెదిరి, మెడకి సంచి తగిలించుకునే గోడలెక్కి పారిపోయింది. “ఆగవే తల్లీ! నీకింకోటి కుట్టిస్తాను!” అని మా ఆయన దాని వెంటపడ్డారు. మూడిళ్లు తిరిగాక దానికే విసుగొచ్చి వదిలేసింది.

ఆరోది కూరగాయల కొట్టులో ఉంది. నిన్నటినుంచీ దాన్నిండా ఉల్లిపాయలు. మా ఆయన ఆత్రంగా బోర్లించేసరికి ఉల్లిపాయలన్నీ వీధిలోకి దొర్లాయి. సైకిళ్లవాళ్లు దిగారు, బడిపిల్లలు ఏరారు, కొట్టాయన తలపట్టుకున్నాడు. అందరూ పగలబడి నవ్వుతుంటే, అంత కోపంలోనూ నాకూ నవ్వాగలేదు.

ఇంటికొచ్చి చూస్తే గడియారం పన్నెండు దాటింది. గుమ్మం సందులోంచి దుమ్ము రాకుండా ఇసుక నింపి పెట్టిన చొక్కా చేతుల్ని ఆయనే విప్పి, దులిపి తెచ్చారు. అయిదు సంచులు ఉతికి ఎండలో వేశాం. ఉల్లిపాయల సంచికి మరకల్లేవు, టైము లేదని దాన్ని ఉతకలేదు. సరే, ఇస్త్రీ చేస్తే పోతుందిలే అనుకుంటే, వేడి తగిలి వాసన ఇంకా లేచింది. ఇల్లంతా ఉల్లిపాయే.

ముక్కలు చదరాలుగా కోసి మిషను ముందు కూర్చున్నాను. మా ఆయన భయంభయంగా అగ్గిపెట్టె తెరిచి నా ముందు పెట్టారు. “ఇదిగో, ఆ మూట కట్టిన దారం. ఇది కూడా పారేయలేదు.”

ఎర్రదారం.

అప్పుడు గుర్తొచ్చింది. మూట కట్టిన రోజు తెల్లదారం మిషనుకెక్కించి ఉంది. కింద ఎర్రదారం ముక్క కనిపిస్తే, దీన్ని పారేయడమెందుకని దాంతోనే కట్టాను. పొద్దున్నుంచీ ఆయన్ని అనని మాట లేదు. ఇప్పుడు తప్పు నాదని ఒక్క మాట అనాల్సింది పోయి, సిగ్గుతో మిషను తొక్కుతూ కూర్చున్నాను.

నాలుగింటికి నర్సు వచ్చింది. జేబులు విప్పకుండా అలాగే ఉంచి కుట్టాను. ఒక్కో జేబులో చెయ్యి పెట్టి మురిసిపోయింది. ఒక మూలకొచ్చేసరికి చెయ్యి ఆగింది. ఆ ముక్క ముక్కు దగ్గర పెట్టుకుంది.

“ఉల్లిపాయ” అంది.

“అమ్మా, అదేంటంటే...”

ఆ పిల్ల దుప్పట్లో మొహం దాచేసుకుంది. “నాన్న వాసన. బండి దగ్గరినుంచి రాగానే నన్నెత్తుకుంటే ఇదే వాసనొచ్చేది. ఎక్కణ్ణించి తెచ్చావక్కా దీన్ని?”

మా ఆయన చేతులు కట్టుకుని జరిగిందంతా చెప్పేశారు, పిల్లితో సహా. “తప్పంతా నాదేనమ్మా” అన్నారు.

“ఆయనది కాదు. ఎర్రదారం కట్టింది నేను” అన్నాను.

ఆయన నోరు తెరిచి నాకేసి చూశారు. ఆ మొహంలో వెలుగు చూడాలి, మళ్లీ ఉద్యోగమిచ్చినా అంత రాదు. నర్సు ఒక చేత్తో కళ్లు తుడుచుకుంటూ ఇంకో చేత్తో కడుపు పట్టుకుంది. “నవ్వించకండి అన్నా, ఇక్కడే కనేస్తాను! అక్కా, దీన్నెవరూ ఉతక్కుండా మూటకట్టు.”

దుప్పటి మడిచి, చేతికందిన దారంతో కట్టబోయాను.

“అది కాదు! అది కాదు!” అని మా ఆయన కేకపెట్టి, రెండు కాళ్లకీ రెండు రకాల చెప్పులతో తెల్లదారం కోసం లోపలికి పరుగెత్తారు.