ఒక ఊపిరి ఆలస్యంగా

1974 మార్చి తొమ్మిది. శనివారం.

ఆ రోజు తిన్నది వేయించిన క్యాట్‌ఫిష్. రెండు తెల్ల బ్రెడ్డు ముక్కలు. పైన ఎర్రటి కారం సాసు.

కాగితంలో చుట్టిన చేప. కాగితమంతా నూనె. బయట నది మీద పొగమంచు...

ఆర్డెల్ టూంబ్స్‌ని ఆ వాసన ఇప్పటికీ వదల్లేదు. అమెరికాలోని మెంఫిస్‌లో అతను మొదటి రికార్డు చేసిన రోజు అది. స్టూడియో తలుపు పక్కన, బోర్లించిన పాలసీసాల పెట్టె మీద వెర్లీన్ కూర్చుంది. ఒళ్లో చేప పొట్లం. ఆర్డెల్ మైకు ముందు నిలబడి తన కవిత చెబుతున్నాడు. వెనక డ్రమ్ములు, బేసు, ఆర్గను.

ఒక వాక్యం అయింది.

"మ్మ్... చెప్పు," అంది వెర్లీన్.

రికార్డు చేసేవాడు టేపు ఆపేశాడు. "ఆ పిల్లని బయటికి పంపవయ్యా. తన గొంతు కూడా టేపులోకి ఎక్కేస్తోంది."

"తను పోతే నేనూ పోతా," అన్నాడు ఆర్డెల్.

ఆమె ఉండిపోయింది.

నలభై ఎనిమిదేళ్లు ఉండిపోయింది.

వాళ్ల చర్చిలో అంతే. మాట్లాడేవాడు ఒంటరిగా మాట్లాడడు. పాస్టరు ఒక మాట అంటాడు, బెంచీల మీంచి జవాబొస్తుంది. అది వచ్చాకే రెండో మాట. జవాబు రాని మాట గాలిలోనే ఉండిపోతుంది — వాలడానికి కొమ్మ దొరకని పిట్టలా.

వెర్లీన్ జవాబు ఎప్పుడూ ఒక ఊపిరి ఆలస్యం. విన్నదాన్ని లోపల ఓసారి తిప్పి చూసుకునేది. అప్పుడు అనేది.

ఆ ఊపిరిసేపూ ఆర్డెల్ పిట్టలా గాలిలోనే ఉండేవాడు.

ఇప్పుడు వెర్లీన్ లేదు. పోయి పంతొమ్మిది నెలలు.

ఆర్డెల్ చివరి రికార్డు చేసి ముప్పై ఏళ్లు దాటింది. గొంతు గరుకెక్కింది. పేరు కూడా చాలామందికి గుర్తు లేదు. లాట్రీస్ మాత్రం పట్టుబట్టింది. అప్పటి బేసు వాయించినాయన కూతురు ఆమె. ఇప్పుడా స్టూడియో ఆమెదే.

"పదంటే పది పాటలు అంకుల్. తర్వాత మీ జోలికి రాను, ఒట్టు."

తొమ్మిది అయ్యాయి. పదోది వెర్లీన్ మీద.

మొదటి వాక్యం చెప్పేవాడు. ఆగేవాడు. ఎదురుచూసేవాడు...

రెండో వాక్యానికి నోరు పెగిలేది కాదు.

తలుపు పక్కన పాలసీసాల పెట్టె ఒకటి బోర్లించి ఉంది. ఎవరు పెట్టారో ఎవరూ చెప్పలేదు. ఎవరూ దాని మీద కూర్చోలేదు.

నాలుగు రోజులు. నది మీద నాలుగు రోజుల పొగమంచు.

అప్పటి జట్టులో మిగిలింది డ్రమ్ముల హోలిస్ ఒక్కడే. ఐదో రోజు అతనే నోరు విప్పాడు. "ఒరేయ్ టూంబ్స్, నువ్విలా ఆగుతూ పోతే నేను శవపేటికలోంచి వాయించాల్సొస్తుంది."

"అందులో పడుకున్నా తాళం తప్పుతావులే నువ్వు."

"తప్పేది నువ్వురా! యాభై ఏళ్లుగా మోస్తున్నా నిన్ను."

ఆర్డెల్ నవ్వాడు. చాలా రోజులకి. ఆ నవ్వు ఆరకముందే కళ్లు మూసుకున్నాడు. చెప్పాడు.

మొత్తం చెప్పాడు.

వాక్యం వాక్యానికీ మధ్య ఖాళీ వదిలాడు — ఒక మనిషి పట్టేంత. హోలిస్ చేతిలో వాయించే తీగల బ్రష్షు డ్రమ్ము మీద అలాగే ఆగింది. ఆ ఖాళీలో ఎవరూ ఏమీ అనలేదు.

మర్నాడు మధ్యాహ్నం లాట్రీస్ పిలిచింది. ఆమె కళ్లకు నిద్ర లేదు.

"వినండి అంకుల్. కోప్పడకండి, అంతే."

ఆర్డెల్ గొంతు. ముసలి గొంతు. *నీ దుప్పటి మడత ఇంకా విప్పలేదు...*

"మ్మ్... చెప్పు."

ఇరవై మూడేళ్ల వెర్లీన్.

ఆ గొంతు వెనక చేప కాగితం గరగరలాడింది.

ఆర్డెల్ గోడ పట్టుకున్నాడు.

పాత టేపులోంచి తీసి, ప్రతి ఖాళీలో పెట్టింది లాట్రీస్. ఆమె కూడా ఆ చర్చి బెంచీల మీద పెరిగిన పిల్లే. ఒక మాటని జవాబు లేకుండా వదిలేయడం ఆమెకు చేతకాలేదు.

పాట అయిపోయింది. ఆర్డెల్ గోడ వదిలి తలెత్తాడు.

"ఎంత కష్టపడ్డావమ్మా... కానీ ఇది వెర్లీన్ కాదు."

"ఆంటీనే అంకుల్! టేపు డబ్బా మీద తారీకు కూడా ఉంది."

"గొంతు తనదే. నువ్వు సరిగ్గా తాళం మీద పెట్టావు. తను ఎన్నడూ తాళం మీద రాలేదు. ఆలస్యంగా వచ్చేది."

"అయితే వెనక్కి జరుపుతా. ఎంతో చెప్పండి. అర సెకనా?"

ఆర్డెల్ నోరు తెరిచాడు.

తెలియలేదు. నలభై ఎనిమిదేళ్లు ఆ ఊపిరి కోసం ఆగినవాడికి, అదెంతో తెలియలేదు. ఒక్కో మాటకి ఒక్కోలా ఉండేది.

"అయినా... నేను పోయిన మనిషి గురించి చెబుతున్నాను," అన్నాడు మెల్లగా. "అక్కడ ఆ పిల్లేమో చేప తింటోంది."

"ఖాళీగా వదిలేస్తే జనం పాట అయిపోయిందనుకుంటారు అంకుల్."

"అనుకోనీ."

హోలిస్ లేచాడు. ఆర్డెల్ కోటు తెచ్చి అతని భుజాల మీద కప్పాడు.

లాట్రీస్ రెండు సీడీలు చేతిలో పెట్టింది. జవాబు ఉన్నదొకటి. ఖాళీలు అలాగే ఉన్నది ఒకటి.

"ఇంటికెళ్లి ఇంకోసారి వినండి. రేపు ఏది చెబితే అది."

దారిలో చేప కొన్నాడు. దుకాణంలో పెద్దావిడ అడక్కుండానే నాలుగు బ్రెడ్డు ముక్కలు వేసింది. ఇద్దరికి కట్టి కట్టి అలవాటైన చెయ్యి. ఆర్డెల్ వద్దనలేదు.

ఇంటికొచ్చేసరికి చీకటి పడుతోంది. వంటింటి వెనక తలుపు జానెడు తెరిచి ఉంది. ఆర్డెల్ పాటలతో ఊళ్లు తిరిగే రోజుల నుంచి అది వెర్లీన్ అలవాటు. అతను ఇల్లు చేరాకే ఆ తలుపు మూసేది. ఆమె పోయాక బయటి దోమతెర తలుపుకి గడియ పెట్టేవాడే గానీ, దీన్ని మాత్రం ఆర్డెల్ ముట్టుకోలేదు. చలికాలంలోనూ.

జవాబు ఉన్న సీడీని విరిచేద్దామనుకున్నాడు. చెయ్యి రాలేదు. వెర్లీన్ పిండి డబ్బా మూత తీసి, పిండి కిందికి తోసేశాడు. వేళ్లు తెల్లబడ్డాయి.

ఖాళీది పెట్టాడు.

*నీ దుప్పటి మడత ఇంకా విప్పలేదు...*

బల్ల మీద చేప పొట్లం. కాగితమంతా నూనె. బయట నది మీద పొగమంచు.

ఏమీ రాలేదు.

తర్వాత, బల్ల మీద కాగితం కొంచెం గరగరలాడింది. తలుపు సందులోంచి వచ్చిన గాలికి కావచ్చు. నూనె చల్లారి కావచ్చు...

పాట అయ్యేదాకా కూర్చున్నాడు. లేచి వెనక తలుపు దగ్గరికి వెళ్లాడు. పిండి అంటిన చెయ్యి దాని మీద వేశాడు.

ఒక ఊపిరి ఆగాడు.

ఇంకొకటి.

చప్పుడు కాకుండా తలుపు మూశాడు.